విశాఖ ఉప్పుగాలికి తుప్పుపట్టిన పద్మిని: కొత్తదానికంటే గట్టిగా చేయాలంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎంవీపీ కాలనీలో రేకుల షెడ్డు కింద పదేళ్లకు పైగా కదలని 1986 ప్రీమియర్ పద్మిని. ఇంజను తిరుగుతోంది. కానీ డ్రైవరు కాళ్ల దగ్గర నేల చిల్లులు పడింది, డోర్ల అడుగు రేకు పొరలు పొరలుగా రాలుతోంది. టింకరింగ్ మేస్త్రి "నెల రోజుల్లో రేకు అతికించి, పుట్టీ కొట్టి, పెయింటు వేసి ఇచ్చేస్తా" అన్నారు. కంపెనీ నుంచి వచ్చిన రోజుకన్నా బాగుండాలన్నది మీ కోరిక. ఆ నెల మాట నమ్మొచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నెల రోజుల్లో మెరిసే కారైతే వస్తుంది. రెండు వానాకాలాలు గడిచాక మడ్‌గార్డు అంచుల్లో, డోరు కింద చిన్న చిన్న బొబ్బలు లేస్తాయి. గోటితో గిల్లితే లోపల నల్లటి తడి తుప్పు కనిపిస్తుంది. పైన పటారం, లోన లొటారం. మేస్త్రి పనితనాన్ని తప్పుపట్టడం లేదు. పద్మిని బాడీ తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది, ఆయన చెప్పిన పని మాత్రం బయటి నుంచే జరుగుతుంది. ఈ కారుకి విడిగా ఛాసిస్ ఫ్రేము లేదు. రన్నింగ్ బోర్డులు (డోర్ల కింద పొడవునా ఉండే భాగాలు), పిల్లర్లు, నేల కింది బాక్సులు కలిసే బరువు మోస్తాయి. అవన్నీ రేకుతో మూసిన గొట్టాలు. ఆ కాలంలో వీటికి జింకు పూత రేకు వాడలేదు, గొట్టాల లోపలికి చేరిన పెయింటు కూడా అంతంతమాత్రమే. వాటిలోకి నలభై ఏళ్లుగా సముద్రపు గాలి పోయి వస్తోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ కారు ఊళ్లోనే ఉండి ఉంటే, ఆ రోజు అడ్డంగా కొట్టిన ఉప్పునీరు కూడా వాటిలోకి వెళ్లే ఉంటుంది.

కాబట్టి కొత్తదానికంటే బాగుండడం అంటే కంటికి కనిపించని చోట ఉప్పు లేకుండా చేయడం, మళ్లీ చేరకుండా చూడడం. రంగు వేయడం ఇందులో తేలికైన భాగం.

స్పానర్ పట్టే ముందు ఆర్సీ తీసి, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూడండి. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకి ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేస్తారు. పాత గడువు ఎప్పుడో అయిపోయి ఉంటే ముందే రవాణా శాఖ ఆఫీసులో అడిగి ఏం కట్టాలో తెలుసుకోండి. ఛాసిస్ నంబరు కొట్టిన రేకు మీద గ్రైండరు, సాండ్ బ్లాస్టింగు (గాలి ఒత్తిడితో గింజలు కొట్టి తుప్పు వదిలించడం) పడకూడదు. దాని మీద మందపాటి టేపు వేసి, పైన చిన్న రేకు ముక్క కట్టి పనివాళ్లందరికీ చూపించండి. అంకెలు అరిగిపోతే ఎంత అందంగా చేసినా బండి రోడ్డెక్కడం కష్టం. రంగు మారిస్తే ఆర్సీలోనూ మార్పించుకోవాలి.

ఇక తనిఖీ. దీనికి మొండి స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, పలుచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం, ఫోనుకి తగిలించే ఎండోస్కోప్ కెమెరా చాలు. అయస్కాంతం పట్టు సడలిన చోట పాత పుట్టీ ఉంటుంది. పెయింటు మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. 100 నుంచి 150 మైక్రాన్లు చూపిస్తే ఫ్యాక్టరీ పూత అనుకోవచ్చు. 300 దాటితే మళ్లీ వేసిన రంగు, 1000 దాటితే కింద పుట్టీ. సుత్తితో తడుతూ పోండి. మంచి రేకు గణగణమంటుంది, పోయిన రేకు డబడబమంటుంది. స్క్రూడ్రైవరుతో గట్టిగానే పొడవండి, పొడిస్తే దిగిపోయే రేకుని కాపాడుకునేదేమీ లేదు.

చూడాల్సిన చోట్లు ఇవి: పెడళ్ల కింద, వెనక సీటు కింద, రన్నింగ్ బోర్డు లోపలి గోడ, జాకీ పెట్టే చోటు, వెనక కమాన్ కట్టల ముందు హ్యాంగరు (కట్టని బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్టు), ముందు సస్పెన్షన్‌ని మోసే అడ్డ దూలం, అంటే క్రాస్‌మెంబరు, బోల్టులు పట్టే చోటు, బ్యాటరీ ట్రే కింద, హెడ్‌లైట్ల వెనక మడ్‌గార్డు సంచి, ముందు వెనక అద్దాల రబ్బరు కింది మూలలు, డిక్కీలో స్టెప్నీ కింది నేల. వీటిలో కమాన్ హ్యాంగర్లు, క్రాస్‌మెంబరు పట్టు, ముందు డోర్ల కబ్జాలు ఉండే పిల్లరు అడుగు, ఈ మూడూ రెండు వైపులా పోయి ఉంటే ఈ బాడీ మీద డబ్బు పోయొద్దు. కాగితాలు సరిగా ఉన్న గట్టి బాడీ ఇంకోటి వెతుక్కుని, మీ ఇంజను, గేర్‌బాక్సు దానికి మార్చుకోవడమే లాభం. అప్పుడు ఇంజను నంబరు మారినట్టు ఆర్సీలో రాయించడం మరవద్దు. నేల, రన్నింగ్ బోర్డులు, డోర్ల అడుగు మాత్రమే పోతే పని చేయించదగిన కారే.

విప్పేటప్పుడు ఫొటోలు తీయండి. ఒక్కో భాగం బోల్టులను ఒక్కో జిప్ కవరులో వేసి, పేరు రాసిన కాగితం లోపలే పెట్టండి. కవరు మీద రాస్తే నూనె చేతులకి చెరిగిపోతుంది. పాత రబ్బర్లు, బీడింగులు, తుప్పుపట్టిన రేకు ముక్కలు కూడా పారేయొద్దు. కొత్తది బిగించి చూసేదాకా కొలతకి ఆధారం అవే. పెట్రోలు ట్యాంకు మొదటి రోజే దింపి షెడ్డు బయట పెట్టించండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకుకంటే ప్రమాదం.

కోయడానికి ముందు కొలవాలి. సుద్దముక్కతో నేల మీద గుర్తులు పెట్టి, నాలుగు వైపులా ఐమూల కొలతలు తీసి రాసుకోండి. డోర్లు బిగించి ఉండగానే వాటి చుట్టూ ఖాళీ ఎంతుందో చూడండి. 4 నుంచి 5 మిల్లీమీటర్లు అంతటా సమంగా ఉండాలి. తర్వాత డోర్లు తీసి, అవి ఉన్న చోట 25 మి.మీ. చదరపు గొట్టాన్ని ఐమూలగా, అడ్డంగా వెల్డింగ్ చేయాలి. ఈ కట్లు లేకుండా రన్నింగ్ బోర్డు కోస్తే బాడీ మధ్యలో కిందికి కుంగుతుంది. కొత్త రేకు ఆ వంకరలోనే అతుక్కుంటుంది. తర్వాత ఎన్నిసార్లు కబ్జాలు సవరించినా డోరు పడదు. రెండు వైపులా ఒకేసారి కోయొద్దు. ఒక వైపు పూర్తిగా అతికాకే రెండోది. స్టాండ్లు కూడా సస్పెన్షన్ బరువు మోసే చోట్లే పెట్టాలి, నేల రేకు కింద కాదు.

ఇప్పుడు ఉప్పు సంగతి. మన ఊరి కార్లకి అసలు రోగం ఇదే. తుప్పు పొర కింద, రేకులోని సన్న గుంతల్లో క్లోరైడు దాక్కుంటుంది. అది ఇనుముని తిని, తేమ తగలగానే విడుదలై, మళ్లీ తింటుంది. తను మాత్రం ఖర్చవదు. వైరు బ్రష్షు కొట్టి, తెల్లగా మెరిసిందని ప్రైమరు వేస్తే ఉప్పుని లోపల పెట్టి తాళం వేసినట్టే. రస్ట్ కన్వర్టర్లు (తుప్పుని నల్ల పొరగా మార్చే ద్రవాలు) కూడా పలుచటి పైపై తుప్పుకే పనికొస్తాయి, పొరలు కట్టినదాని మీద పై చర్మాన్ని నల్లగా మార్చి ఊరుకుంటాయి. పైగా సరిగా కడగని కన్వర్టరు మీద తర్వాత వేసే ఎపాక్సీ ప్రైమరు పట్టదు.

అందుకని విప్పిన బాడీని ముందు ప్రెషర్ వాషర్‌తో అడుగు, గొట్టాల లోపల, మడ్‌గార్డుల వెనక కడిగించండి. ఏ నీళ్లతో అన్నది ముఖ్యం. బీచ్ వైపు బోరు నీళ్లలో చాలాచోట్ల ఉప్పు ఉంటుంది, వాటితో కడగడం దండగ. కొళాయి నీళ్లతో కడిగి, చివరి దఫా ఆర్వో నీళ్లతో జాలించి, బ్లోయరుతో వెంటనే ఆరబెట్టాలి.

తర్వాత బ్లాస్టింగు. అడుగు భాగం, ఇంజను గది, మడ్‌గార్డుల లోపలి వైపు, బ్రాకెట్లు వీటన్నిటికీ బ్లాస్టింగే సరైనది. బానెట్, రూఫ్, డోర్ల పై రేకు, డిక్కీ మూత మీద మాత్రం వద్దు. గింజలు తగిలిన వైపు రేకు సాగుతుంది, రెండో వైపు సాగదు, దాంతో అలలు తేలుతుంది. ఒకసారి అలా తేలిన బానెట్‌ని పుట్టీ లేకుండా చదును చేయగలిగే మేస్త్రులు అరుదు. వాటికి స్ట్రిప్ డిస్కు, పెయింట్ రిమూవరు వాడాలి. బ్లాస్టింగుకి 80 మెష్ గార్నెట్ (గట్టి ఖనిజపు సన్న గింజలు) అడగండి. పలుచటి రేకు దగ్గర గాలి ఒత్తిడి 40 నుంచి 50 పీఎస్‌ఐ మించకుండా, నాజిల్ ఏటవాలుగా, ఒకేచోట నిలపకుండా కొట్టాలి. మామూలు ఇసుక ఒప్పుకోవద్దు. ఆ ధూళి పనివాడి ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ తెస్తుంది. భీమిలి తీరపు ఇసుకలో కూడా గార్నెట్ ఉంటుందని తెలివిగా బీచ్ ఇసుక తెచ్చేవాళ్లుంటారు. అది ఉప్పుతో బ్లాస్టింగ్ చేయడమే.

ఉప్పు పోయిందో లేదో ఇంట్లో తేల్చుకునే మార్గం ఉంది. 50 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ శుభ్రమైన గాజు గ్లాసులో పోసి, తాగునీటికి వాడే టీడీఎస్ మీటరు పెట్టి అంకె రాసుకోండి. గ్లవ్స్ వేసుకుని, దూదిని ఆ నీటిలోనే ముంచి, బ్లాస్ట్ చేసిన రేకు మీద 10 సెంటీమీటర్ల చదరాన్ని నెమ్మదిగా తుడిచి, దూదిని మళ్లీ అదే గ్లాసులో పిండండి. ఇలా నాలుగైదు సార్లు చేసి మీటరు చూడండి. నౌకల బ్యాలస్ట్ ట్యాంకులకి పెయింటు వేసే ముందు చదరపు మీటరుకి 50 మిల్లీగ్రాములకి మించి ఉప్పు ఉండకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. మన లెక్కలో అది మీటరు అంకెలో సుమారు 10 పీపీఎం పెరుగుదల. దూది ఉప్పంతా లాగలేదు కాబట్టి 5 దాటితే మళ్లీ ఆర్వో నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పైపైన ఇంకో దఫా బ్లాస్ట్ చేయించండి. కడిగితే నారింజ రంగు తుప్పు మళ్లీ లేస్తుందని కంగారు వద్దు, రెండో దఫా ఉన్నది దానికే. చేతి చెమటలో కూడా ఉప్పే ఉంటుంది. బ్లాస్ట్ చేసిన రేకుని ఉత్త చేత్తో ముట్టుకుంటే మర్నాటికి వేలిముద్రలు తుప్పుగా లేస్తాయి.

కబ్జాలు, బ్రాకెట్లు, జాకీ లాంటి చిన్నవాటికి చెరకు మడ్డి (మొలాసిస్) చాలు. అనకాపల్లి వైపు, పశువుల దాణా కొట్లలో అడగండి. ఒక వంతు మడ్డికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ప్లాస్టిక్ డ్రమ్ములో వారం నుంచి రెండు వారాలు నానబెడితే మంచి ఇనుముని పెద్దగా తినకుండా తుప్పుని వదిలిస్తుంది. కంపు భరించాలి. అల్యూమినియం, జింకు భాగాలు అందులో వేస్తే పాడవుతాయి.

రేకు విషయానికొద్దాం. ఊళ్లో స్టీల్ ప్లాంటు ఉంది కదా అని అక్కడి రేకు అడిగేవారున్నారు. అక్కడ తయారయ్యేవి కడ్డీలు, వైరు రాడ్లు, స్ట్రక్చరల్స్. కారు రేకు బయటి నుంచే రావాలి. షాపులో సీఆర్‌సీఏ (చల్లగా చుట్టి మెత్తబరిచిన ఉక్కు) రేకు అడగండి. నేలకి, రన్నింగ్ బోర్డులకి 18 గేజి అంటే 1.2 మి.మీ., బయటి ప్యానెళ్లకి 20 గేజి అంటే 0.9 మి.మీ., స్ప్రింగు హ్యాంగర్లు, జాకీ పాయింట్లకి 16 గేజి అంటే 1.6 మి.మీ. ఎనిమిది అడుగులకి నాలుగడుగుల షీటు 18 గేజిలో దాదాపు 28 కిలోలు, 20 గేజిలో 21 కిలోలు తూగాలి. తూకం తగ్గితే గేజి తగ్గినట్టే. మీ కారుకి మొదటిది ఒకటిన్నర షీటు, రెండోది ఒక షీటు సరిపోతుంది. నేలకి గట్టిదనం ఇచ్చే గాడులు కొత్త రేకులోనూ కొట్టించాలి. చదును రేకు అతికిస్తే కాలు పెట్టినప్పుడల్లా డబ్బాలా మోగుతుంది, అలా ఆడీ ఆడీ అతుకు దగ్గర పగులుతుంది.

అతుకు పెట్టే ముందు పోయిన రేకుని మంచి రేకు వచ్చేదాకా కోయాలి. తుప్పు గుంతలు కనిపించే చివరి చోటు నుంచి ఇంకో 25 మి.మీ. లోపలికి. పాత రేకు మీద కొత్త రేకు పరిచి చుట్టూ వెల్డింగ్ పెట్టే పద్ధతి మన షెడ్లలో మామూలు, నెలలో ఇచ్చేస్తానన్న మాట వెనక లెక్క కూడా సాధారణంగా అదే. రెండు రేకుల మధ్య సందు నీటిని పీల్చుకుని, ఎండకి ఆరక, లోపలి నుంచి రెండిటినీ తింటుంది. బయటి ప్యానెళ్లకి అంచుకి అంచు ఆనించే అతుకే పెట్టాలి.

ఆర్క్ వెల్డింగ్ ఈ రేకుకి పనికిరాదు. గ్యాస్ వెల్డింగ్‌లో చేయి తిరిగిన పాత మేస్త్రులు అద్భుతంగా అతుకుతారు కానీ వేడి చాలా దూరం పాకి పెద్ద ప్యానెల్ వంకరపోతుంది. మిగ్ వెల్డింగ్ (వైరు తనంతట తానే వస్తూ, గ్యాసు అతుకుని కప్పే పద్ధతి) ఉన్న షెడ్డు చూసుకోండి. 0.6 లేదా 0.8 మి.మీ. ఈఆర్ 70ఎస్-6 వైరు, ఆర్గాన్ 80, కార్బన్ డయాక్సైడ్ 20 పాళ్ల గ్యాసు. రేకుల మధ్య వైరు మందం అంత సందు వదిలి, 25 నుంచి 30 మి.మీ.కి ఒక చుక్క. ఒక చివర పెట్టాక రెండో చివర, తర్వాత మధ్య. చుక్క చుక్కకీ మధ్య చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే తర్వాతిది. తడిగుడ్డ వేసి చల్లార్చనివ్వొద్దు, రేకు ముడుచుకుంటుంది. గీతలా లాగి వెల్డింగ్ పెడితే పని పది నిమిషాల్లో అయిపోతుంది, సరిచేయడానికి రెండు రోజులు పడుతుంది.

నేల అంచులు, రన్నింగ్ బోర్డు పెదవుల లాంటి చోట్ల ఫ్యాక్టరీలో రేకు మీద రేకు పెట్టి స్పాట్ వెల్డింగ్ చేశారు. అక్కడ అలాగే చేయాలి. పై రేకుకి 6 మి.మీ. రంధ్రాలు 30 నుంచి 40 మి.మీ. ఎడంతో వేసి, రెండు రేకుల మధ్య వెల్డ్-త్రూ జింక్ ప్రైమరు కొట్టి, రంధ్రంలో వెల్డింగ్ నింపాలి. రంధ్రం అడుగున మాత్రం ప్రైమరు గీకేయాలి, లేకపోతే చిటపటమని వెల్డింగ్ పొడుచుకొస్తుంది. రన్నింగ్ బోర్డు మూసేముందు లోపలి గోడలకి ఎపాక్సీ ప్రైమరు వేసి, ఫొటో తీసుకోండి. మూసేశాక ఆ చోటు మళ్లీ చూడలేరు. నీళ్లు పోయే రంధ్రాలు పాత రేకులో ఎక్కడున్నాయో కొత్తదానిలో అక్కడే ఉండాలి. ఇది చాలా షెడ్లలో మర్చిపోతారు.

ప్రైమరు దగ్గర మన వాతావరణంతో చిక్కు. బ్లాస్ట్ చేసిన రేకుకి విశాఖ గాలిలో ఎపాక్సీ ప్రైమరు అదే పూట పడాలి, నాలుగు గంటలు దాటనివ్వొద్దు. కానీ రేకు మీద కంటికి కనిపించని తేమ ఉండగా వేస్తే పట్టు ఉండదు. గాలిలో తేమ 85 శాతం దాటినా, రేకు వేడి మంచు బిందువుకంటే (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కనీసం 3 డిగ్రీలు ఎక్కువ లేకపోయినా గన్ ఎత్తకూడదు. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున మంచు బిందువు దాదాపు 26. అంటే రేకు 29 అయినా ఉండాలి. పొద్దున్నే షెడ్డులో రేకు చేతికి చల్లగా తగిలే వేళ ఇది కుదరదు. పది గంటల నుంచి మూడింటిదాకా మంచి సమయం. తేమ మీటరు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు రెండూ కలిపి పెద్ద ఖర్చేమీ కాదు, మీరే కొని షెడ్డులో పెట్టండి. పెయింటు దశ మొత్తం డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య పడేలా లెక్క వేసుకోండి. వానాకాలంలో ఇంజను, బ్రేకులు, సీట్లు, క్రోము పనులు చూసుకోవచ్చు.

రెండు భాగాల ఎపాక్సీ రెండు కోట్లు, ఆరాక 50 నుంచి 60 మైక్రాన్లు. బాడీ అంతటికీ లోపలా బయటా కలిపి నాలుగు లీటర్ల దాకా పడుతుంది. ఆ ఎపాక్సీ మీదే రేకు అతుకుల వెంట పాలీయురేథేన్ సీలరు, పుట్టీ కూడా ఎపాక్సీ మీదే. పుట్టీని ఉత్త రేకు మీద వేసే అలవాటు మాన్పించండి. పాలిస్టర్ పుట్టీ నీటిని పీలుస్తుంది, ఉత్త రేకు మీద ఉంటే ఆ నీరు నేరుగా ఇనుముకి అందుతుంది. యాసిడ్ ఉన్న ఎచ్ ప్రైమరు మీద కూడా వేయొద్దు, సరిగా గట్టిపడదు. మందం 2 నుంచి 3 మి.మీ. లోపే. పుట్టీని పొడి పేపరుతోనే రుద్దాలి, నీళ్లు పోసి కాదు. కారు మొత్తానికి మూడు కిలోలకంటే ఎక్కువ పుట్టీ పడుతోందంటే రేకు పని సరిగా జరగలేదని అర్థం. అక్కడ ఆపి, టింకరింగ్‌కి వెనక్కి పంపండి.

తర్వాత సర్ఫేసరు (రంగుకి ముందు చదును కోసం వేసే ప్రైమరు) మూడు కోట్లు, రెండు రోజులు ఆరనిచ్చి, పలుచగా నల్ల పౌడరు పట్టించి, పొడవాటి బ్లాకుతో 320, 400, తర్వాత 600 పేపర్లు. పల్లాల్లో నలుపు మిగిలిపోతుంది, మిట్టలు ముందు తెల్లబడతాయి. చేత్తో రుద్దితే ఇవి తెలియవు. పద్మిని అసలు రంగులు ఎక్కువగా మెటాలిక్ లేని సాదా రంగులు కాబట్టి, ఒకే దశ 2కే (హార్డెనరు కలిపి వేసే) పాలీయురేథేన్ రంగు పాత రూపానికి దగ్గరగా ఉంటుంది, మన ఎండకీ తట్టుకుంటుంది. రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోటు వేస్తే కారు ఈ కాలపు దానిలా కనిపిస్తుంది. అది మీ ఇష్టం, నా ఓటు మాత్రం మొదటిదానికే.

మన తేమకి కంప్రెసరు ట్యాంకులో నీళ్లు పట్టడం తప్పదు. గంటకోసారి కింది కుళాయి తిప్పి వదలాలి. గన్‌కి ముందు వాటర్ సెపరేటరు లేని షెడ్డులో పైకోటు వేయించొద్దు. రంగులో సన్నటి గుంటలు పడుతున్నాయంటే సాధారణంగా కారణం సిలికోన్. పక్కనే ఎవరో టైరు పాలిష్ కొడుతుంటారు. 2కే రంగుల హార్డెనరులో ఐసోసయనేట్ ఉంటుంది, అది ఆస్తమా తెస్తుంది. ముక్కుకి జేబురుమాలు కట్టుకుని కొట్టే పెయింటరుకి గాలి పైపు ఉన్న మాస్కు మీరే ఏర్పాటు చేయండి.

అడుగుకి నల్లటి తారు కోటింగు వద్దు. కొన్నాళ్లకి ఎండి చిట్లుతుంది. పగులులోంచి దూరిన ఉప్పునీరు బయటికి రాదు, పైన నల్లగా ఉండడంతో లోపల జరిగేది కనిపించదు. ఎపాక్సీ మీద పాలీయురేథేన్ స్టోన్ గార్డు (రాళ్ల దెబ్బలు తట్టుకునే పూత) పలుచగా, దాని మీద బాడీ రంగు వేయించండి. లేత రంగు అడుగు మీద కొత్త తుప్పు చుక్క దూరం నుంచే తెలుస్తుంది.

ఇక గొట్టాలు. ఈ కారుని కొత్తదానికంటే మెరుగు చేసేది ఈ దశే, డబ్బు అయిపోయిందని చివర్లో వదిలేసేదీ దీన్నే. రంగు బాగా గట్టిపడ్డాక రన్నింగ్ బోర్డులు, పిల్లర్లు, నేల కింది బాక్సులు, డోర్ల అడుగు, బానెట్ మడతలు, హెడ్‌లైటు వెనక సంచులు వీటన్నిటిలోకి క్యావిటీ వ్యాక్స్ (తుప్పు ఆపే మైనం లాంటి పూత) కొట్టాలి. మామూలు గన్ కాదు, చివర చుట్టూ అన్ని వైపులకీ చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి గొట్టం కావాలి. గొట్టాన్ని చివరిదాకా దూర్చి, ట్రిగ్గరు నొక్కి, నెమ్మదిగా వెనక్కి లాగాలి. దూర్చేటప్పుడు నొక్కితే ముందుభాగంలో మడుగు కట్టి, మిగతా చోట పొడిగా ఉంటుంది. దారి లేని బాక్సులకి కనిపించని చోట 10 మి.మీ. రంధ్రం వేసి, అంచుకి ఎపాక్సీ రాసి, పని అయ్యాక రబ్బరు గ్రోమెట్ పెట్టండి. ఈ సైజు కారుకి మూడు నుంచి నాలుగు లీటర్లు పడుతుంది. మధ్యాహ్నం ఎండలో కారు వేడెక్కాక కొడితే వ్యాక్స్ రేకుల సందుల్లోకి తనంతట తనే పాకుతుంది. అతుకుల వెంట, డ్రెయిన్ రంధ్రాల నుంచి చుక్కలు కారడం మొదలైతే చేరాల్సిన చోటికి చేరినట్టు. మర్నాడు అవే రంధ్రాలని సన్న తీగతో పొడిచి తెరవండి, గడ్డకట్టిన వ్యాక్స్ మూసేసి ఉంటుంది. తర్వాత ఎండోస్కోప్ పెట్టి పొడిగా మిగిలిన చోటు ఉందేమో చూడండి.

వాడేసిన ఇంజనాయిలు కొడితే సరిపోతుందనే సలహా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. అందులో ఆమ్లాలు ఉంటాయి, రబ్బర్లని ఉబ్బిస్తుంది, రేకుకి అంటుకుని నిలవదు, ధూళిని మాత్రం బాగా పడుతుంది.

మిగతావి గబగబా. బ్రేకు పైపులు కుప్రో నికెల్‌వి (రాగి, నికెల్ మిశ్రమం) వేయించండి, ఉప్పుగాలికి తుప్పుపట్టవు. బ్రేకు ఆయిలు గాలిలోంచి తేమ పీలుస్తుంది, మన దగ్గర ఏడాదికోసారి మార్చాలి. సస్పెన్షన్‌కి మెరుస్తాయి కదా అని స్టెయిన్‌లెస్ బోల్టులు బిగించొద్దు. 8.8 లేదా 10.9 గ్రేడు జింకు పూతవి వేసి, పైన వ్యాక్స్ రాయండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరు పైపులని మెత్తబరుస్తుంది, నీటిని లాక్కుని ట్యాంకు లోపల తుప్పు తెస్తుంది. ఇథనాల్ తట్టుకునే పైపులు, పంపు డయాఫ్రం, కార్బురేటరు వాషర్లు మార్చండి, కదలని రోజుల్లో ట్యాంకు నిండుగా ఉంచండి. కార్పెట్ కింద జనపనార ఫెల్ట్ బదులు నీరు పీల్చని మూసిన కణాల ఫోమ్. క్రోము బంపర్లకి ముందు రాగి, దాని మీద నికెల్, చివర క్రోము అని గట్టిగా చెప్పాలి. రాగి, నికెల్ పొరలు పలుచన చేసి క్రోము పూసినవి బీచ్ రోడ్డు గాలికి త్వరలోనే చుక్కలు వేస్తాయి.

ఆటోనగర్‌లో ఏ షెడ్డుతో మాట్లాడినా మొత్తానికి ఒకే రేటు ఒప్పుకోవద్దు. బ్లాస్టింగు, రేకు పని, ఎపాక్సీ, సర్ఫేసరు, రంగు, వ్యాక్స్ అని విడదీసి, ఒక్కో దశ మీరు చూశాకే డబ్బు. రేకు పని అయ్యాక, ప్రైమరు పడకముందు బండిని మీ కళ్లతో చూడనివ్వని షెడ్డు వద్దు. మీ మేస్త్రి అంచుకి అంచు ఆనించి అతుకు పెడతానంటే ఆయనతోనే చేయించుకోండి, వ్యవధి మాత్రం ఏడాది అనుకోండి.

వింటేజ్ నంబరు మీద ఆశ ఉంటే, ఆ నిబంధన మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు నిండిన బండ్లకే. మీ కారు 1986లోనే రిజిస్టరై ఉంటే 2036 దాకా ఆగాలి. ఆ నంబరుతో రోజువారీ తిరగడం కూడా కుదరదు, కాబట్టి మామూలు ఆర్సీ రెన్యూవలే మీకు నప్పుతుంది.

పని పూర్తయ్యాక కారుని ప్లాస్టిక్ కవరు కప్పి మూలన పెట్టొద్దు, లోపల చెమటపడుతుంది. గాలాడే గుడ్డ కవరు వేసి, అద్దాలు వేలెడంత దించి ఉంచండి. బీచ్ రోడ్డు వైపు తిప్పిన వారం అడుగు మంచినీళ్లతో కడగండి. మొదటి వానాకాలం ముగిశాక, నవంబరులో కారుని పైకెత్తి డ్రెయిన్ రంధ్రాలు, రన్నింగ్ బోర్డు పెదవులు, కమాన్ హ్యాంగర్లు టార్చి వేసి చూసి, వ్యాక్స్ పలచబడిన చోట మళ్లీ కొట్టించండి. ఆ తర్వాత రెండేళ్లకోసారి చాలు.